తీగ దొరికాకే డొంక కదులుతుంది: ఉగ్రవాద దర్యాప్తులో కంప్యూటర్ పని

2013 ఫిబ్రవరి 21, గురువారం. సాయంత్రం ఏడు గంటల వేళ హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు ఇళ్లకు మళ్లే జనంతో కిక్కిరిసి ఉంది. నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. రెండూ సైకిళ్లకు కట్టి వదిలినవే, ఒకదానికొకటి కూతవేటు దూరంలో. 17 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వందకు పైగా గాయపడ్డారు.

అంతకు నాలుగు నెలల ముందు, 2012 అక్టోబరులో, ఇండియన్ ముజాహిదీన్ అనే ఉగ్రవాద సంస్థకు చెందినవారంటూ ఢిల్లీ పోలీసులు కొందరిని అరెస్టు చేసి వివరాలు వెల్లడించారు. నిందితుల్లో ఇద్దరు హైదరాబాద్ వచ్చి, మోటారు సైకిల్ మీద తిరుగుతూ దిల్‌సుఖ్‌నగర్, బేగంబజార్, అబిడ్స్ ప్రాంతాల్లో రెక్కీ చేసి వెళ్లారన్నది అందులో ఒక అంశం. పత్రికల్లోనూ వచ్చింది. ఇక పేలుళ్లకు ఒకటి రెండు రోజుల ముందు కేంద్ర హోంశాఖ నుంచి రాష్ట్రాలకు హెచ్చరికలు వెళ్లాయి. ఫలానా ఊరు, ఫలానా చోటు అని చెప్పని సాధారణ హెచ్చరికలవి. చోటు పేరు ఒక కాగితంలో ఉంది, సమయం మరో కాగితంలో ఉంది.

ఉగ్రవాదాన్ని ఎదుర్కొనే సాంకేతిక పరిజ్ఞానం అనగానే గోడంత తెరలు, నగరమంతటా కెమెరాలు, కృత్రిమ మేధ కళ్లముందు మెదులుతాయి. కోట్లు ఖర్చయ్యేదీ వాటికే. గత పాతికేళ్లలో జరిగిన దాడుల మీద వెలువడిన విచారణ నివేదికలు చదివితే మాత్రం వేరే సంగతి బోధపడుతుంది. చేతికి ఒక తీగ దొరికాక దాన్ని పట్టుకుని డొంకంతా కదిలించడంలో కంప్యూటర్‌కు సాటి లేదు. ఏ తీగా లేకుండా, కోట్ల మంది జనంలోంచి రేపు బాంబు పెట్టబోయేవాడిని చూపించమంటే అది ఎవరినో ఒకరిని చూపిస్తుంది. ఆ చూపించిన వ్యక్తి సాధారణంగా అమాయకుడై ఉంటాడు. ప్రభుత్వాలు ఈ తేడాను పట్టించుకోనప్పుడల్లా డబ్బు వృథా అయింది, దాడులు ఆగలేదు, సంబంధం లేని మనుషుల బతుకులు చితికిపోయాయి.

కౌలాలంపూర్ నుంచి శాన్‌డియాగో దాకా

2000 జనవరిలో మలేసియా రాజధాని కౌలాలంపూర్‌లో అల్ ఖైదా మనుషులు కొందరు సమావేశమయ్యారు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఆ సమావేశం మీద కన్నేసి ఉంచింది. హాజరైన ఖాలిద్ అల్ మిహ్దార్ పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉందని కూడా దానికి తెలుసు. అతడు, నవాఫ్ అల్ హజ్మీ అనే మరొకడు కలిసి అదే నెల 15న లాస్ ఏంజెలిస్‌లో విమానం దిగారు. తర్వాత శాన్‌డియాగోలో మకాం పెట్టారు. దొంగపేర్లు కూడా పెట్టుకోలేదు. హజ్మీ పేరు ఆ ఊరి టెలిఫోన్ డైరెక్టరీలో అచ్చయింది. వీరిద్దరినీ నిఘా జాబితాలో చేర్చింది 2001 ఆగస్టు నాలుగో వారంలో. సెప్టెంబరు 11న అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్ మీద కూలిన విమానంలో ఇద్దరూ ఉన్నారు.

ఆ వేసవిలోనే మరో రెండు తీగలు దొరికాయి. విమానం నడపడం నేర్పే పాఠశాలల్లో అనుమానాస్పద వ్యక్తులు చేరుతున్నారని ఫీనిక్స్ నగరంలోని ఎఫ్‌బీఐ (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) అధికారి ఒకరు జులై 10న పై కార్యాలయానికి రాశారు. అలాంటి పాఠశాలలోనే చేరిన జకారియాస్ మూసావీ ఆగస్టు 16న మిన్నెసోటాలో అరెస్టయ్యాడు. ఫీనిక్స్ లేఖ సంగతి మిన్నెసోటా అధికారులకు తెలియదు, కౌలాలంపూర్ సంగతి ఈ ఇద్దరికీ తెలియదు.

అప్పట్లో ఎఫ్‌బీఐ వాడుతున్న కేసుల కంప్యూటర్ వ్యవస్థ కాలం చెల్లినది. అధికారులు కాగితం ఫైళ్లనే నమ్ముకునేవారు. దాని స్థానంలో కొత్తది తేవడానికి చేపట్టిన ప్రాజెక్టు సుమారు 17 కోట్ల డాలర్లు మింగి, 2005లో పనికిరాదని పక్కకు పోయింది. ఆ తర్వాతి వ్యవస్థ పూర్తిగా వాడకంలోకి వచ్చేసరికి 2012 అయింది. ప్రపంచంలో అన్ని హంగులూ ఉన్న పోలీసు సంస్థకు తన ఫైళ్లలో తానే వెతుక్కునే సాధనం సమకూరడానికి దాడి తర్వాత 11 ఏళ్లు పట్టిందన్నమాట. ఉపగ్రహాలు, గూఢ శ్రవణ కేంద్రాల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

2001 దాడుల తర్వాత వాల్డిస్ క్రెబ్స్ అనే సలహాదారు ఒక పని చేశారు. సంస్థల్లో ఉద్యోగుల మధ్య సంబంధాలను పటాలుగా గీయడం ఆయన వృత్తి. పత్రికల్లో వచ్చిన వార్తలనే ఆధారం చేసుకుని, ఎవరు ఎవరితో ఒకే ఇంట్లో ఉన్నారు, ఎవరు ఎవరితో కలిసి చదివారు, ఎవరికి ఎవరు డబ్బు పంపారు అన్న వివరాలతో 19 మంది హైజాకర్ల పటం గీశారు. 2000 నాటికే తెలిసిన ఆ ఇద్దరి నుంచి మొదలుపెడితే, రెండు అంచెల్లో మిగతా అందరూ దొరికారు. అందరి మధ్యా కేంద్రంగా, దాడులకు నాయకత్వం వహించిన మహమ్మద్ అట్టా తేలాడు. వాడిన గణితం గొప్పదేమీ కాదు. ఒక వ్యక్తికి ఎంతమందితో నేరుగా సంబంధం ఉంది, ఎంతమంది మధ్య అతడు వంతెనగా ఉన్నాడు అన్న లెక్కలే. అయితే సంఘటన జరిగాక ఎక్కడ చూడాలో అందరికీ తెలుస్తుందని క్రెబ్స్ స్వయంగా హెచ్చరించారు. ముందే గీయాలంటే ఆ మొదటి ఇద్దరి పేర్లు పటం గీసేవారి బల్ల మీదకు రావాలి.

పేరు దగ్గరే పట్టు జారుతుంది

బల్ల మీదకు పేరు వచ్చినా అది సరిగ్గా రావాలి. 2009 నవంబరులో నైజీరియాకు చెందిన ఒక పెద్దమనిషి అబూజాలోని అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి, తన కొడుకు తీవ్రవాదుల ప్రభావంలో పడ్డాడని భయపడుతూ చెప్పాడు. కన్నతండ్రే వచ్చి చెప్పాక అంతకు మించిన నిఘా సమాచారం ఏముంటుంది? కార్యాలయం పంపిన సందేశంలో ఉమర్ ఫారూక్ అబ్దుల్ ముతల్లబ్ పేరు స్పెల్లింగు తప్పు పడింది. ఆ తప్పు పేరుతో వెతికితే అతడి దగ్గర అమెరికా వీసా ఉన్నట్లు కంప్యూటర్ చూపలేదు. డిసెంబరు 25న అతడు లోదుస్తుల్లో పేలుడు పదార్థంతో ఆమ్‌స్టర్‌డామ్‌లో డెట్రాయిట్ విమానం ఎక్కాడు. బాంబు సరిగా పేలకపోవడం వల్లనే విమానంలోని వారు బతికి బయటపడ్డారు.

2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పెట్టిన అన్నదమ్ముల్లో పెద్దవాడు టామర్లాన్ సర్నాయెవ్ గురించి రష్యా 2011లోనే అమెరికాను హెచ్చరించింది. రష్యన్ లిపిలోని పేరును ఇంగ్లిషులోకి మార్చడంలో రెండు రకాల స్పెల్లింగులు, వాటికి తోడు పుట్టిన తేదీలు కూడా రెండు రకాలుగా జాబితాలకు ఎక్కాయి.

తెలుగు పాఠకులకు ఈ చిక్కును పెద్దగా వివరించనక్కర్లేదు. శ్రీనివాస్ అన్న పేరును ఇంగ్లిషు అక్షరాల్లో అరడజను విధాలుగా రాస్తాం. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట, విమానం టికెట్‌లో మరోచోట, డిగ్రీ సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఇంకోచోట ఉంటుంది. విదేశాల్లో చదివే పిల్లలకు బ్యాంకు ఖాతా తెరవడం దగ్గర మొదలయ్యే తలనొప్పి ఇదే. అరబ్బీ, ఉర్దూ, రష్యన్, చెచెన్ పేర్లకూ ఇదే గతి.

పేర్లను ధ్వనిని బట్టి పోల్చే పద్ధతుల్లో పాతది, ఇప్పటికీ చాలా డేటాబేసుల్లో ఉన్నది సౌండెక్స్. 1918లో అమెరికాలో పేటెంటు పొందింది. ఇంగ్లిషు స్పెల్లింగులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులను, హెచ్, డబ్ల్యూ, వై అక్షరాలను వదిలేసి, మిగతా హల్లులను ఆరు గుంపులుగా చేసి ఒక్కో గుంపుకు ఒక్కో అంకె ఇస్తుంది. లక్ష్మి పేరును కె, ఎస్, హెచ్ పెట్టి రాసినా, మధ్యలో ఎక్స్ పెట్టి రాసినా వచ్చేది ఎల్-250 అన్న ఒకే సంకేతం. ఇక్కడివరకు బాగానే ఉంది. అదే పద్ధతిలో రాము, రాణి, రమ్య, రోహిణి నలుగురికీ ఆర్-500 వస్తుంది, ఎందుకంటే ఎమ్, ఎన్ రెండూ ఒకే గుంపు. ఖాదిర్‌ను కె అక్షరంతో రాస్తే ఒక సంకేతం, క్యూ అక్షరంతో రాస్తే మరొకటి, ఎందుకంటే మొదటి అక్షరాన్ని అది ముట్టుకోదు. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకటైపోతారు, ఒకే మనిషి ఇద్దరైపోతాడు. విమానాశ్రయంలో గంటల తరబడి పక్కన నిలబెట్టిన ప్రయాణికుల్లో చాలామంది చేసిన నేరం ఇలాంటి సంకేతంలో ఇరుక్కోవడమే.

ఇప్పటి సాధనాలు పేరొక్కటే చూడవు. ఎన్ని అక్షరాలు మారిస్తే ఒక పేరు మరో పేరవుతుందో లెక్కిస్తాయి. దానికి పుట్టిన తేదీ, ఫోను నంబరు, చిరునామా, పాస్‌పోర్టు నంబరు జోడించి, ఈ రెండు నమోదులు ఒకే మనిషివి కావడానికి ఎంత అవకాశం ఉందో చెబుతాయి. ఈ విద్యలో ముందడుగు వేసినవారిలో ఒకరైన జెఫ్ జోనస్ మొదట దాన్ని లాస్ వెగాస్ జూదశాలల కోసం తయారు చేశారు. ఒకచోట వెలివేసిన మోసగాడు పేరు మార్చుకుని మరోచోట ఉద్యోగానికి వస్తే పట్టుకోవడానికి. జూదశాలకు తన సొమ్ము కాబట్టి ఆ శ్రద్ధ ముందే పుట్టింది.

టవర్ డంప్‌తో కుస్తీ

భారత పోలీసుల రోజువారీ విశ్లేషణలో ప్రధాన ముడిసరుకు సీడీఆర్, అంటే కాల్ వివరాల పట్టిక. ఒక్కో కాల్‌కు ఒక్కో వరుస. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, తేదీ, సమయం, ఎన్ని సెకన్లు, ఏ సిమ్, ఏ హ్యాండ్‌సెట్, కాల్ మొదలైనప్పుడు ఏ టవర్, ముగిసినప్పుడు ఏ టవర్. అందులో మాటలు ఉండవు. ఎవరు ఎప్పుడు ఎక్కడి నుంచి ఎవరితో మాట్లాడారన్నదే ఉంటుంది. పేలుడు జరిగిన చోట ఆ గంటల్లో టవర్‌కు తగిలిన నంబర్లన్నీ తెప్పిస్తే అది టవర్ డంప్.

దిల్‌సుఖ్‌నగర్ లాంటి కూడలిలో ఒక సాయంత్రం డంప్ తెప్పిస్తే వేలాది నంబర్లు వస్తాయి. వాటిని ఏం చేసుకోవాలి? సైకిళ్లు తెచ్చిన చోటు, బస చేసిన చోటు, పేలుడు చోటు, మూడింటి డంపులనూ ఒకదానిమీద ఒకటి వేసి ఉమ్మడిగా ఉన్నవాటిని తీస్తారు. అందులోనూ రోజూ ఆ దారిన ఆఫీసుకు పోయేవారు వందల్లో మిగులుతారు. తర్వాత వడపోత మొదలవుతుంది. ఘటనకు కొద్ది రోజుల ముందే పుట్టిన సిమ్‌లు, నాలుగైదు నంబర్లు తమలో తాము తప్ప బయటివారితో మాట్లాడని గుంపులు, పేలుడు తర్వాత ఒక్కసారిగా మూగబోయిన నంబర్లు. సిమ్ మార్చినా హ్యాండ్‌సెట్ మార్చనివాడు ఐఎంఈఐ, అంటే హ్యాండ్‌సెట్ గుర్తింపు నంబరు దగ్గర దొరుకుతాడు.

చెప్పుకోవడానికి తేలికగా ఉన్న ఈ పనిలో విశ్లేషకుల సమయంలో సింహభాగం పట్టికలను శుభ్రం చేయడానికే పోతుంది. ఒక కంపెనీ తేదీని రోజు, నెల క్రమంలో ఇస్తుంది, మరొకటి నెల, రోజు క్రమంలో. ఒకచోట నంబరు ముందు 91 ఉంటుంది, ఇంకోచోట సున్నా ఉంటుంది. ఐఎంఈఐలో 15 అంకెలుంటాయి. చివరిది మిగతా 14 అంకెల నుంచి లెక్కకట్టిన తనిఖీ అంకె. నెట్‌వర్క్ దాన్ని మోసుకురాదు కాబట్టి సీడీఆర్‌లో చాలాసార్లు ఆ స్థానంలో సున్నా కనిపిస్తుంది. పట్టుబడిన ఫోను డబ్బా మీద అసలు అంకె ఉంటుంది. ఈ సంగతి తెలియనివారు 15 అంకెలనూ పోల్చితే, ఒకే ఫోను రెండు ఫోన్లని కంప్యూటర్ చెబుతుంది. 14 అంకెలే పోల్చాలి. ఇక ఎక్సెల్‌లో ఆ పట్టికను యథాలాపంగా తెరిచి సీఎస్‌వీ అనే సాదా అక్షరాల ఫైలుగా భద్రపరిస్తే పొడవాటి నంబర్లు కుదించుకుపోయి, చివరి అంకెలన్నీ సున్నాలైపోతాయి. మర్నాడు ఫైలు తెరిచినవారికి ఏం పోయిందో కూడా తెలియదు. ఉగ్రవాద కేసు ఇలాంటి చోట చిక్కుముడి పడుతుంది.

ఇంటర్నెట్ రికార్డుల దగ్గర పొరపాటు ఇంకా ప్రమాదకరం. విదేశీ కంపెనీలు ఇచ్చే లాగ్‌లలో (వాడకం నమోదుల్లో) సమయం గ్రీనిచ్ లెక్కలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలపడం మరిస్తే సాయంత్రం వాడినవారి బదులు మధ్యాహ్నం వాడినవారి పేరు వస్తుంది. పైగా మన మొబైల్ కంపెనీలు ఒకే ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో గుర్తింపు నంబరును) ఒకేసారి ఎంతోమంది చందాదారులకు పంచుతాయి. ఆ చిరునామాను పంచుకున్నవారిని విడదీసి చూపే పోర్టు నంబరు కూడా లేనిదే అసలు మనిషి తేలడు. పోర్టు నంబరు అడగకుండా కేవలం ఐపీతో లేఖ రాస్తే, ఆ జాబితాలోంచి ఎవరో ఒకరి తలుపు తట్టాల్సి వస్తుంది.

గీతలు గీసి సంబంధాలు చూపే సాఫ్ట్‌వేర్ ఈ దశ తర్వాతే రంగంలోకి వస్తుంది. ఇంగ్లండ్‌లో 1990లో మొదలైన ఐటూ సంస్థ తెచ్చిన అనలిస్ట్స్ నోట్‌బుక్ ప్రపంచవ్యాప్తంగా పోలీసులకు పరిచయం. 2003లో పుట్టి, సీఐఏ పెట్టుబడి సంస్థ తోడ్పాటుతో ఎదిగిన పలాంటిర్ అదే పనిని ఎన్నో డేటాబేసులను ఒకేసారి కలిపి చేస్తుంది. తెర మీద చుక్కలూ గీతలూ చూస్తే ఎంతో నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకమే జాగ్రత్త పడాల్సిన విషయం. పటంలో ఎక్కువ గీతలు కలిసే చుక్క ముఠా నాయకుడే కానక్కర్లేదు. వారందరికీ రీచార్జి చేసిన దుకాణదారు కావచ్చు, ఆటో డ్రైవరు కావచ్చు, అద్దె ఇంటి యజమాని కావచ్చు. అసలు నాయకుడు ఒకే ఒక్క మనిషితో, అదీ అరుదుగా మాట్లాడతాడు. పటంలో అతడు అంచున ఎక్కడో ఒంటి చుక్కగా ఉంటాడు.

జనమంతా జల్లెడలో

2002లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా ఒక బృహత్ పథకం మొదలుపెట్టింది. ప్రయాణాలు, కొనుగోళ్లు, బ్యాంకు లావాదేవీలు, వైద్య రికార్డులు అన్నీ కలిపి వెతికితే ఉగ్రవాదుల కదలికల తీరు ముందే పసిగట్టవచ్చన్నది ఆలోచన. జనం తిరగబడ్డారు. 2003లో అమెరికా కాంగ్రెస్ నిధులు ఆపేసింది. వ్యక్తిగత గోప్యత ఒక కారణమైతే, లెక్క కుదరకపోవడం రెండోది.

ఆ లెక్క చిన్నదే. కోటి మంది ఉన్న నగరంలో 100 మంది ఉగ్రవాదులు ఉన్నారనుకుందాం. నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే యంత్రం ఉందనుకుందాం. అంత నిక్కచ్చి యంత్రం ఎక్కడా లేదు, అయినా ఉందనుకుందాం. అది 100 మందిలో 99 మందిని పట్టిస్తుంది. మిగతా జనంలో నూటికి ఒకరి చొప్పున సుమారు లక్ష మంది అమాయకులనూ ఉగ్రవాదులంటుంది. జాబితాలో ప్రతి వెయ్యి పేర్లకూ అసలువాడు ఒక్కడే. లక్ష మందిని విచారించే సిబ్బంది ఏ పోలీసు శాఖకూ లేదు. యంత్రాన్ని పదిరెట్లు మెరుగుపరిచినా జాబితాలో పదివేల మంది అమాయకులు మిగులుతారు. బ్యాంకు కార్డుల మోసాలను ఇలాంటి పద్ధతితోనే పట్టుకుంటున్నారు కదా అని అడగవచ్చు. అక్కడ మోసాలు రోజూ వేలల్లో జరుగుతాయి కాబట్టి యంత్రానికి నేర్చుకోవడానికి ఉదాహరణలుంటాయి, తప్పు జరిగితే ఒక ఫోను కాల్‌తో సరిపోతుంది. ఉగ్రదాడులు అరుదు, ఒకదానిలా మరొకటి ఉండదు, పొరపాటున పట్టుకుంటే పోయేది ఒక మనిషి స్వేచ్ఛ.

2013లో అమెరికా నిఘా సంస్థ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన వివరాలతో అమెరికాలో ప్రజలందరి ఫోన్ కాల్ రికార్డులనూ మూకుమ్మడిగా సేకరిస్తున్న సంగతి లోకానికి తెలిసింది. అమెరికాలోనే ఉన్న గోప్యత, పౌర స్వేచ్ఛల పర్యవేక్షణ మండలి రహస్య పత్రాలు కూడా చూసి 2014 జనవరిలో నివేదిక ఇచ్చింది. అమెరికాకు పొంచి ఉన్న ముప్పుకు సంబంధించి, ఆ కార్యక్రమం వల్ల దర్యాప్తు ఫలితం నిర్దిష్టంగా మారిన సందర్భం ఒక్కటి కూడా కనబడలేదని తేల్చింది. అదే మండలి అదే ఏడాది జులైలో మరో కార్యక్రమాన్ని పరిశీలించింది. విదేశాల్లోని ఫలానా చిరునామా, ఫలానా నంబరు అని ఎంచుకుని వినే పద్ధతి అది. అది ఉపయోగపడిందని ఒప్పుకుంది.

ఆ తేడా ఒక్క కేసులో కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. 2009 సెప్టెంబరులో నజీబుల్లా జాజీ అనేవాడు న్యూయార్క్ భూగర్భ రైళ్లలో బాంబులు పెట్టడానికి సిద్ధమై, పేలుడు పదార్థం పాళ్ల గురించి సందేహం వచ్చి పాకిస్థాన్‌లోని ఒక ఈమెయిల్‌కు రాశాడు. పెళ్లి సిద్ధమైంది అన్నది అందులో సంకేత భాష. పెళ్లి అన్న మాటను వెతికే యంత్రం పెట్టి ఉంటే ఏమయ్యేది? మన ఊళ్లలో మాఘమాసం వస్తే ఎన్ని లక్షల సందేశాలు ఆ వలలో పడతాయో ఊహించుకోవచ్చు. జాజీని పట్టించింది ఆ మాట కాదు. అతడు రాసిన ఈమెయిల్ చిరునామా అల్ ఖైదా మనిషిదని అంతకుముందు మరో కేసు దర్యాప్తులోనే తేలింది, దాని మీద నిఘా ఉంది. తీగ ముందే చేతిలో ఉంది.

ముంబై తర్వాత

2008 నవంబరు 26న ముంబైలో 166 మందిని బలిగొన్న దాడికి చోటు చూసిపెట్టింది డేవిడ్ హెడ్లీ. 2006లో దావూద్ గిలానీ అన్న పేరు మార్చుకుని, ఆ సెప్టెంబరు నుంచి 2008 జులై వరకు ఐదుసార్లు ముంబై వచ్చి వెళ్లాడు. ప్రతి రాకకూ వీసా నమోదు ఉంది, విమాన ప్రయాణికుల జాబితా ఉంది. విదేశీయులు దిగితే హోటళ్లు పంపాల్సిన ఫారం-సి వ్యవస్థ ఉంది. ఒక్కోటి ఒక్కో కార్యాలయంలో. అతడి ప్రవర్తన గురించి అమెరికాలో కుటుంబ సభ్యుల నుంచే ఫిర్యాదులు వెళ్లాయి. దాడికి సాంకేతిక ఏర్పాట్లు చూసిన లష్కరే తోయిబా ఉగ్రవాద సంస్థ మనిషి కంప్యూటర్ మీద బ్రిటిష్ నిఘా ఉందని తర్వాతి సంవత్సరాల్లో పత్రికలు వెల్లడించాయి. దాడి జరిగేదాకా ఆ ముక్కలను ఎవరూ అతికించలేదు.

హెడ్లీ 2009 అక్టోబరులో షికాగోలో అరెస్టయ్యాక, అదే డిసెంబరులో అప్పటి హోంమంత్రి పి. చిదంబరం నాట్‌గ్రిడ్ ఆలోచనను ప్రకటించారు. బ్యాంకులు, రైల్వే, విమానయానం, వీసాలు, పన్నులు, టెలికాం వంటి 21 రకాల డేటాబేసులను అనుమతి ఉన్న దర్యాప్తు సంస్థలు ఒక్క చోటి నుంచి ప్రశ్నించే ఏర్పాటు ఇది. రాష్ట్రాల పోలీసు స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్, నిఘా సంస్థలు సమాచారం పంచుకునే మల్టీ ఏజెన్సీ సెంటర్ దీనికి ఇరుపక్కలా ఉన్నాయి. ఫలానా వ్యక్తి మీద అనుమానం ఉంది, అతడి వివరాలు అన్ని చోట్లా చూడాలి అన్న ప్రశ్నకు నాట్‌గ్రిడ్ సరైన జవాబు. హెడ్లీ లాంటివాడి రాకపోకలను నిమిషాల్లో ఒక వరుసలో పెట్టగలదు. ఆ అవసరాన్ని కాదనడానికి వీల్లేదు.

దాని మీద కాపలా ఎవరన్నదే తేలని ప్రశ్న. పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం ఏదీ లేకుండా ప్రభుత్వ ఉత్తర్వులతోనే ఇది ఏర్పడింది. 2011లో సమాచార హక్కు చట్టం పరిధి నుంచి తప్పించారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ప్రభుత్వం నోటిఫై చేసిన సంస్థలకు మినహాయింపు ఇవ్వడానికి దారి ఉంచింది. అమెరికా మండలి లాంటిది, రహస్య పత్రాలు చూసి ఈ సాధనం పనిచేసింది, ఇది చేయలేదు అని బహిరంగంగా చెప్పే స్వతంత్ర వ్యవస్థ ఇక్కడ లేదు. గోప్యతకు మాత్రమే కాదు, భద్రతకూ ఇది నష్టమే. పనికిరాని సాధనాన్ని పనికిరాదని చెప్పేవారు లేకపోతే దానికే మళ్లీ నిధులు పోతాయి.

తెలంగాణలో మావోయిస్టుల మీద నిఘా కోసం ఏర్పడిన విభాగం నుంచి రాజకీయ నాయకులు, ఇతరుల ఫోన్లు విన్నారని, ఆ తర్వాత హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని వచ్చిన ఆరోపణలపై 2024 మార్చిలో హైదరాబాద్‌లో కేసు నమోదైంది. నిజానిజాలు కోర్టు తేల్చాల్సినవి. సాంకేతికంగా మాత్రం ఒక విషయం స్పష్టం. ఎవరు, ఏ పేరు మీద, ఏ కేసు నంబరు చూపి వెతికారన్న లాగ్, వెతికే విభాగం చేతిలోనే ఉండకూడదు. రాసిన క్షణంలోనే అది మరో సంస్థ సర్వర్‌లోకి, చెరపలేని రూపంలో వెళ్లిపోవాలి. ఇది కష్టమైన సాంకేతికత కాదు. బ్యాంకులు ఎప్పటినుంచో చేస్తున్నదే.

హైదరాబాద్ మరో పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు తర్వాత పాతబస్తీ యువకులు పలువురిని పట్టుకెళ్లారు, జైళ్లలో పెట్టారు. కోర్టులు వారిని వదిలేశాయి. దర్యాప్తు ఆ తర్వాత పూర్తిగా వేరే వైపు తిరిగింది, ఆ కొత్త నిందితులు కూడా 2018 ఏప్రిల్‌లో నిర్దోషులుగా బయటపడ్డారు. మొదట పట్టుకెళ్లిన యువకులకు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. పోయిన ఉద్యోగాలు, ఆగిన చదువులు పరిహారంతో తిరిగి రావు. అసలు దోషులెవరో నేటికీ తేలలేదు. చనిపోయినవారి కుటుంబాలకూ న్యాయం జరగలేదు.

ఇలాంటి తొందరపాటుకు విరుగుడుగా సీఐఏలో దీర్ఘకాలం పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ ఒక పద్ధతి రూపొందించారు. దానికి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది, నిజానికి కాగితం మీద చేసినా సరిపోతుంది. సాధ్యమైన అనుమానాలన్నిటినీ పైవరుసలో రాయాలి. ఆ పని ఈ ముఠాది, ఆ ముఠాది, ఏ ముఠాకూ చెందనివారిది, ఇలా. సాక్ష్యాలను ఎడమవైపు రాయాలి. ప్రతి గడిలో ఆ సాక్ష్యం ఆ అనుమానానికి ఎదురుతిరుగుతోందా అని చూడాలి. ఎక్కువ సాక్ష్యాలు సమర్థించినదాన్ని కాక, తక్కువ సాక్ష్యాలు ఎదురుతిరిగినదాన్ని నిలబెట్టాలి. ఎందుకంటే మనసులో ముందే ఉన్న అనుమానాన్ని సమర్థించే సాక్ష్యం ఎప్పుడూ దొరుకుతుంది. కోట్లు పెట్టి కొనే ఏ కృత్రిమ మేధ కన్నా, నాలుగు గీతలు గీసిన ఈ పట్టిక ఒక అమాయకుడిని కాపాడే అవకాశం ఎక్కువ.

దిల్‌సుఖ్‌నగర్ కేసులో పేలుళ్ల తర్వాత దర్యాప్తు ఫలించింది. జాతీయ దర్యాప్తు సంస్థ విచారణకు నిలిపిన ఐదుగురికి 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు మరణశిక్ష వేసింది. తీగ దొరికాక డొంక కదిలింది. పేలుళ్లకు ముందు ఏం చేసి ఉండవచ్చన్న ప్రశ్నే మిగిలింది. సాధారణ డేటాబేస్‌లో మనిషి అడిగితేనే జవాబు వస్తుంది. అడగాలని ఎవరికీ తోచకపోతే అక్టోబరు నాటి వాంగ్మూలం అక్టోబరులోనే ఉండిపోతుంది. దీనికి నిలిచి ఉండే ప్రశ్న అనే ఏర్పాటు ఉంది. వాంగ్మూలంలోని ప్రతి చోటు పేరు, ప్రతి నంబరు, ప్రతి వాహనం ఒక్కో గడిలోకి ఎక్కి, కొత్తగా వచ్చే ప్రతి కాగితాన్నీ తనంతట తానే పోల్చి చూసుకుంటూ ఉంటాయి. ఎవరూ అడగనక్కర్లేదు. ఫిబ్రవరిలో ఊరి పేరు లేని హెచ్చరిక వచ్చినప్పుడు అలాంటి వ్యవస్థ కంట్రోల్ రూమ్ తెర మీద పెట్టగలిగి ఉండేది మూడే మూడు వరుసలు: దిల్‌సుఖ్‌నగర్, బేగంబజార్, అబిడ్స్. వాటి పక్కన ఒక తేదీ, ఒక మోటారు సైకిల్, ఆ సమాచారం ఇచ్చిన ఢిల్లీ అధికారి ఫోను నంబరు.